సాయం కోరే వార్త కంటే ముందు రావాల్సిన వార్త

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా పేజీల్లో తరచూ ఒక వార్త వస్తుంటుంది. ఆస్పత్రి మంచం మీద పిల్లాడు, పక్కన తల్లి, కింద బ్యాంకు అకౌంట్ నంబరు, ఫోన్‌పే నంబరు. ఎముక మజ్జ మార్పిడికి ఇన్ని లక్షలు కావాలి, దాతలు ఆదుకోవాలి అని రాసి ఉంటుంది. ఆ వార్తలు ఆపమని నేను అనడం లేదు, దయచేసి ఆపొద్దు, వాటి వల్ల బతికిన పిల్లలు ఉన్నారు. కానీ ఈసారి అలాంటి వార్త వచ్చినప్పుడు అందులో పిల్లాడి వయసు ఒకసారి చూడండి. పదకొండు, పదమూడు, ఒక్కోసారి పదిహేను. ఆ జబ్బు తలసీమియా అయితే అది బయటపడేది ఏడాది వయసు అటూ ఇటూగా. మరి మధ్యలో ఆ పదేళ్లు ఏమైపోయాయి? ఈ ప్రశ్న ఎవరూ అడగడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లా. మా పాపకు తలసీమియా మేజర్. వాళ్ల అన్న మజ్జ ఇచ్చాడు, మార్పిడి అయింది, ఇప్పుడు రక్తం ఎక్కించాల్సిన పని లేకుండా బడికి పోతోంది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. మాతో పాటు అదే వార్డులో ఉన్న ఒక బాబు ఇంటికి తిరిగి రాలేదు, వాళ్లమ్మ ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. మార్పిడి చేయిస్తే చాలు అన్నీ సర్దుకుంటాయని చెప్పే ఉద్దేశం నాకు లేదు. తొందరగా తెలిస్తే ఎంత తేడా వస్తుందో మాత్రం గట్టిగా చెప్పాలనుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో సరైన హిమోగ్లోబిన్ తయారు కాదు. పుట్టినప్పుడు బాగానే ఉంటారు. ఆరు నెలలు దాటాక పాలిపోతారు, పాలు సరిగా తాగరు, పొట్ట ఉబ్బుతుంది, ఊళ్లో డాక్టరు టానిక్ రాస్తాడు, తగ్గదు. టెస్టులో జబ్బు తేలాక రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినంత కాలం. ఎక్కించిన ఒక్కో రక్తం ప్యాకెట్‌తో 200 మిల్లీగ్రాముల దాకా ఐరన్ ఒంట్లోకి పోతుంది, దాన్ని బయటికి పంపే దారి మనిషి శరీరానికి లేదు. అది వెళ్లి కాలేయంలో, గుండెలో, ఎదుగుదలకు సంబంధించిన గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని తీసేయడానికి రోజూ మందు వాడాలి, ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే ఫెరిటిన్ టెస్టు చేయిస్తూ ఉండాలి. మందు ఖరీదెక్కువ, కొన్ని నెలలు దొరకదు, పిల్లలు కడుపు నొప్పి అని మింగరు. ఇక ఏప్రిల్, మే వచ్చిందంటే కాలేజీలకు సెలవులు, రక్తదాన శిబిరాలు ఉండవు, బ్లడ్ బ్యాంకులో ప్యాకెట్ లేదంటారు. ఆ టెన్షన్ అనుభవించిన ఇంటికే తెలుస్తుంది.

ఈ చక్రం నుంచి బయటపడే దారి, రక్తం తయారయ్యే ఎముక మజ్జనే మార్చేయడం, అదే మజ్జ మార్పిడి. విదేశాల్లో ఇప్పుడు జన్యు చికిత్స కూడా వచ్చింది కానీ దాని ఖర్చు కోట్లలో ఉంది, మనలాంటి వాళ్లం దాని గురించి మాట్లాడుకోవడం అనవసరం. మార్పిడి అయితే కొత్తదేమీ కాదు. 1981లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక తలసీమియా బిడ్డకు మొదటిసారి చేశారు. ఆ తర్వాత ఇటలీలో పెసారో అనే ఊళ్లో గ్విడో లుకారెల్లి అనే డాక్టరు, ఆయన బృందం వందలమంది పిల్లలకు చేశారు. మన దేశంలో మజ్జ మార్పిడి 1983లోనే ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో మొదలైంది. వెల్లూరు సీఎంసీలో 1986 నుంచి చేస్తున్నారు. అంటే నాకు పెళ్లి కాకముందు నుంచీ ఉన్న వైద్యం ఇది.

పెసారో డాక్టర్లు అంతమంది పిల్లల్ని చూసి ఒక సంగతి తేల్చారు. మార్పిడి ఫలితం మూడు విషయాల మీద ఆధారపడుతుందట: కాలేయం ఎంత ఉబ్బింది, కాలేయంలో మచ్చ కట్టిందా లేదా, ఐరన్ తీసే మందు అప్పటిదాకా సరిగా వాడారా లేదా. మూడూ బాగుంటే, తోబుట్టువు మజ్జ పూర్తిగా కలిస్తే, పదిమందిలో తొమ్మిదిమంది దాకా బయటపడతారు. మూడూ పాడైతే ప్రమాదం చాలా పెరుగుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పుట్టుకతో వచ్చేది కాదని గమనించండి. మూడూ కాలం గడిచేకొద్దీ పాడయ్యేవే. నాలుగేళ్ల వయసులో సులువుగా గట్టెక్కే అవకాశం ఉన్న బిడ్డే పద్నాలుగేళ్లకు వెళితే డాక్టర్లు తల అడ్డంగా ఊపే పరిస్థితి రావొచ్చు. బిడ్డ మారలేదు, జబ్బు మారలేదు, తోబుట్టువూ ఇంట్లోనే ఉన్నాడు, మనం కాలం పోగొట్టాం అంతే.

ఎందుకు పోగొడుతున్నాం? డబ్బు లేక అని అందరూ అనుకుంటారు. డబ్బు సమస్యే, దాని సంగతికి వస్తాను. కానీ నేను చూసిన ఇళ్లలో అంతకంటే ముందున్న కారణం, చెప్పేవాళ్లు లేకపోవడం. మేం మొదట పాపకు రక్తం ఎక్కించిన ఆస్పత్రిలో సిస్టర్లు మంచివాళ్లు, డాక్టరు ఓపిగ్గా చూసేవారు, అయినా మార్పిడి అనే మాట ఎవరి నోటా రాలేదు. అడిగితే "అది పెద్ద విషయమమ్మా, మీవల్ల కాదు" అన్నారు. మావల్ల అవుతుందో లేదో తర్వాత, మా బాబు మజ్జ కలుస్తుందో లేదో అన్నా చూడొచ్చు కదా! ఆ టెస్టు గురించి నాకు చెప్పింది పక్క మంచం మీద పిల్లాడి తండ్రి. రక్తం ఎక్కించే చోటు వేరు, మార్పిడి చేసే చోటు వేరు, ఈ రెండింటి మధ్య దారి చూపించే మనిషి లేడు. తోటి తల్లిదండ్రులు చెబితేనే తెలుస్తోంది.

ఆ టెస్టు పేరు హెచ్‌ఎల్‌ఏ టైపింగ్. హెచ్‌ఎల్‌ఏ అంటే మన కణాల మీద ఉండే గుర్తులు, అవి కలిస్తేనే మజ్జ కలిసినట్టు. చెంప లోపల దూది పుల్లతో రుద్ది తీసిన తడితో కూడా చేసేయొచ్చు, సూది కూడా అక్కర్లేదు. చాలామంది బ్లడ్ గ్రూప్ కలిస్తే మజ్జ కలిసినట్టే అనుకుంటారు, కాదు. బ్లడ్ గ్రూప్ వేరైనా మజ్జ ఇవ్వొచ్చు, ఒకే గ్రూప్ అయినా మజ్జ కలవకపోవచ్చు. హెచ్‌ఎల్‌ఏ సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది కాబట్టి ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒక్కొక్కరితో కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రులు మామూలుగా సగమే కలుస్తారు. అయితే మన దగ్గర మేనరికాలు ఎక్కువ కదా, ఆ ఇళ్లలో తల్లో తండ్రో దగ్గరి బంధువో కూడా పూర్తిగా కలిసిన సందర్భాలు ఉన్నాయి. అందుకే మేనరికం ఇంట్లో తోబుట్టువు కలవలేదని ఆగిపోకూడదు, ఇంకొంచెం వెతకమని డాక్టర్లను అడగాలి.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. పిల్లకు రక్తం దొరకనప్పుడు తండ్రో బాబాయో మేనమామో ముందుకొచ్చి "నాది తీసుకోండి" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ మార్పిడి ఆశ ఉన్న బిడ్డకు రక్తసంబంధీకుల రక్తం ఎక్కించొద్దని డాక్టర్లు చెబుతారు. రేపు అదే కుటుంబం నుంచి మజ్జ తీసుకోవాల్సి వస్తే ఒళ్లు దాన్ని తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈ ఒక్క విషయం ప్రతి బ్లడ్ బ్యాంకు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

డబ్బు సంగతికి వస్తాను. తోబుట్టువు మజ్జతో మార్పిడికి మాకు చెప్పిన అంచనా పది లక్షలకు పైనే. ఎకరం పొలం అమ్మినా చాలని ఇళ్లు మావైపు చాలా ఉన్నాయి. అయితే 2017 నుంచి కోల్ ఇండియా సంస్థ వాళ్లు తలసీమియా బాల్ సేవా యోజన అని ఒక పథకం నడుపుతున్నారు, ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాల పిల్లలకు మార్పిడి ఖర్చు 10 లక్షల దాకా నేరుగా ఆస్పత్రికే కడతారు. వెల్లూరు సీఎంసీ లాంటి పెద్ద ఆస్పత్రులు అందులో ఉన్నాయి. సింగరేణి గనుల పక్కనే ఉంటాం, బొగ్గు కంపెనీ డబ్బుతో పిల్లలకు మజ్జ మార్పిడి చేయిస్తున్నారన్న సంగతి మా జిల్లాలో ఎంతమందికి తెలుసు? ఆ పథకానికి వయసు నిబంధన ఉంది, బిడ్డకు 12 ఏళ్లు దాటకూడదు. నేను మొదట్లో చెప్పిన వార్తల్లో వయసులు ఇప్పుడు మళ్లీ గుర్తు చేసుకోండి. సాయం కోసం పేపర్లో ఫొటో పడే నాటికి చాలాసార్లు ఆ బిడ్డ ఆ పథకం దాటిపోయి ఉంటాడు.

మజ్జ కలిశాక కూడా ఆలస్యం చేసేది ఇంకోటి ఉంది, ఇంట్లోవాళ్ల భయం. మా ఇంట్లో ఎన్ని మాటలు వచ్చాయో. "మగపిల్లాడి ఎముకలో సూది గుచ్చుతారా, వెన్ను పడిపోతే?" అని మా అత్తగారు అన్నం మానేశారు. ఒక బంధువు ఇంకో అడుగు ముందుకేసి, ఆడపిల్ల కోసం అంత ఖర్చా, రేపు దాని పెళ్లికి ఏం చేస్తారు అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. వార్డులో చూశాను, మార్పిడి కోసం వచ్చిన పిల్లల్లో మగపిల్లలే ఎక్కువ, మజ్జ ఇస్తున్న పిల్లల్లో అక్కలూ చెల్లెళ్లూ చాలామంది. ఈ జబ్బు మగ ఆడ తేడా లేకుండా వస్తుంది. మరి తలసీమియా ఉన్న ఆడపిల్లలు ఎక్కడున్నారు? ఇంట్లో ఉన్నారు, రక్తంతో నెట్టుకొస్తున్నారు, లేదంటే అది కూడా సరిగా అందడం లేదు. దీని గురించి రాయండి సార్, ఎవరో ఒకరు రాయాలి.

మజ్జ తీసేది వెన్నుపూస నుంచి కాదు. వెనకవైపు తుంటి ఎముక నుంచి, మత్తు ఇచ్చి తీస్తారు. మా బాబు ఆ రోజు నిద్రపోయాడు, మర్నాడు నడిచాడు, కొన్ని రోజులు నడుం దగ్గర నొప్పి అన్నాడు, ఐరన్ మాత్రలు వాడాడు. ఇచ్చిన మజ్జ కొన్ని వారాల్లో మళ్లీ తయారైపోతుంది. పెద్దవాళ్ల దగ్గర అయితే చాలాసార్లు ఎముక జోలికే వెళ్లరు, నాలుగైదు రోజులు ఇంజక్షన్లు ఇచ్చి, ప్లేట్‌లెట్లు తీసినట్టే చేతి రక్తం నుంచి, రక్తాన్ని తయారుచేసే మూలకణాలు తీస్తారు. చిన్నపిల్లాడిని ఒప్పించడం గురించి నాకూ ఆలోచన ఉంది, వాడికి అర్థమయ్యేలా చెప్పాలి, భయపడితే ఆగాలి, తర్వాత కూడా "నీవల్లే చెల్లి బతికింది" అన్న బరువు వాడి నెత్తిన వేయకూడదు. వార్డులో తిరిగిరాని బాబుకి మజ్జ ఇచ్చింది వాళ్లక్క. ఆ పిల్లకి ఎవరూ కౌన్సెలింగ్ ఇవ్వలేదు.

కష్టమంతా తీసుకునే బిడ్డదే. ముందు కీమో మందులతో పాత మజ్జను పూర్తిగా చంపేస్తారు. జుట్టు ఊడిపోతుంది, నోరంతా పుండ్లు, నీళ్లు కూడా మింగలేరు. కొత్త మజ్జ పట్టుకునేదాకా, అంటే రెండు నుంచి నాలుగు వారాలు, ఒంట్లో రోగనిరోధక శక్తి ఉండదు, గాలి వడకట్టే గదిలో ఒంటరిగా ఉంచుతారు. వచ్చిన మజ్జ బిడ్డ ఒంటినే పరాయిదనుకుని దాడి చేయొచ్చు, చర్మం, పేగులు, కాలేయం దెబ్బతినొచ్చు. కీమో వల్ల ముందు ముందు పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చు, ఆ సంగతి కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. ఇవన్నీ దాచి పెట్టి తల్లిదండ్రుల్ని మార్పిడికి పంపడం తప్పు. ఇవన్నీ చెప్పి భయపెట్టి ఆపేయడం కూడా తప్పే.

ఆస్పత్రి నుంచి బయటికి పంపాక ఖర్చు అయిపోదు. కనీసం మూడు నెలలు ఆస్పత్రి దగ్గర్లోనే గది తీసుకుని ఉండమంటారు. వెల్లూరు సందుల్లో అలా గదులు తీసుకుని వండుకుంటూ ఉన్న తెలుగువాళ్లు ఎంతమందో, పొద్దున కూరగాయల బండి దగ్గర అంతా మన మాటే వినిపిస్తుంది. ఒకరు బిడ్డ దగ్గర, ఒకరు ఊళ్లో పని చూసుకుంటూ డబ్బు పంపాలి, కూలీ చేసుకునే ఇంటికి అది ఎలా కుదురుతుంది? మందులు, టెస్టులు, ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ అడ్మిషన్, తర్వాత చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయించాలి. పథకాలు ఆపరేషన్ లాగా లెక్కేసి ప్యాకేజీ ఇస్తాయి, మార్పిడి తర్వాతి ఈ ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు. ఆ కాలానికి గది అద్దె, ప్రయాణం, మందుల ఖర్చు ప్రభుత్వాలు భరించాలి.

తోబుట్టువు కలవనివాళ్ల మాటేమిటి? వాళ్లే ఎక్కువ. ఇప్పుడు సగం కలిసిన తల్లి లేదా తండ్రి మజ్జతో కూడా చేస్తున్నారు, ఖర్చూ ప్రమాదమూ ఎక్కువ. రెండో దారి బయటి దాత. మన దేశంలో చెన్నైలో 2009లో మొదలైన దాత్రి, బెంగళూరులో ఉన్న డీకేఎంఎస్ లాంటి సంస్థలు దాతల పేర్లు నమోదు చేస్తాయి. అసలు ఇలాంటి మొదటి రిజిస్ట్రీని 1974లో లండన్‌లో షిర్లీ నోలన్ అనే తల్లి మొదలుపెట్టింది, తన కొడుకు ఆంథనీ కోసం. ఆ బాబుకి దాత దొరకలేదు, 1979లో పోయాడు, ఆమె పెట్టిన రిజిస్ట్రీ ఇప్పటికీ నడుస్తోంది. ఎనిమిది కోట్ల పైచిలుకు జనాభా ఉన్న జర్మనీలో దాదాపు కోటి మంది దాతలుగా పేరు రాయించుకున్నారు. 140 కోట్ల మనం ఇంకా కొన్ని లక్షల దగ్గరే ఉన్నాం. హెచ్‌ఎల్‌ఏ వంశాన్ని బట్టి వస్తుంది కాబట్టి మన పిల్లలకు కలిసేవాళ్లు మనవాళ్లలోనే ఎక్కువ ఉంటారు, జర్మనీ కోటి మంది మనకు పెద్దగా పనికిరారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అక్కడి రిజిస్ట్రీలో చేరినా ఇక్కడి బిడ్డకు పనికొస్తుంది, ఎందుకంటే ఈ రిజిస్ట్రీలన్నీ ఒకరి జాబితాలు ఒకరు వెతుక్కుంటాయి.

పేరు రాయించుకునే కుర్రాళ్లకు ఒక దండం పెట్టి చెప్పేది ఒకటే. కాలేజీలో క్యాంపు పెట్టారని, ఫ్రెండ్స్ ఇస్తున్నారని సరదాగా ఇవ్వకండి. రేపు ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో వద్దన్నారని వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది ఉంటున్నారు. కీమో మొదలుపెట్టాక దాత రానంటే ఆ బిడ్డ ఒంట్లో పాత మజ్జ ఉండదు, కొత్తదీ రాదు. పేరు రాయించే ముందే ఇంట్లో మాట్లాడండి.

ప్రభుత్వాలు చేయగలిగింది చాలా ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో తలసీమియా ఉన్నవాళ్లకు నెలకు 10 వేల పెన్షన్ ఇస్తున్నారు, మంచి పని. అంటే ఆ పిల్లల పేరు, వయసు, ఊరు అన్నీ సర్కారు దగ్గర ఉన్నట్టే కదా! తెలంగాణలో కూడా రక్తం ఎక్కించే ప్రతి కేంద్రంలో రిజిస్టరు ఉంటుంది. ఆ జాబితా పట్టుకుని పన్నెండేళ్ల లోపు పిల్లలందరికీ, వాళ్ల తోబుట్టువులకూ ఉచితంగా హెచ్‌ఎల్‌ఏ టెస్టు చేయించండి. డీకేఎంఎస్ లాంటి సంస్థలు పిల్లలకు ఉచిత క్యాంపులు పెడుతున్నాయి. 1998 నుంచి పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ హైదరాబాద్ శివరాంపల్లిలో ఉంది, వాళ్ల అనుభవం వాడుకోండి. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు, ఉన్న పిల్లల పరిస్థితి ఇంకా ఘోరం, వాళ్లకు కూడా ఇదే మార్పిడి పనిచేస్తుంది, 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు, తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాలి. ఇక కొత్తగా తలసీమియా బిడ్డ పుట్టకుండా ఉండాలంటే గర్భిణికి మొదటి నెలల్లోనే హెచ్‌బీఏ2 అనే రక్త పరీక్ష చేయాలి, ఆమె క్యారియర్ అయితే, అంటే తనకు జబ్బు లేకపోయినా బిడ్డకు అందించే అవకాశం ఉంటే, భర్తకూ చేయాలి. మొదటి బిడ్డకు జబ్బు ఉన్న ఇంట్లో రెండో కాన్పు అయితే పది పన్నెండు వారాలకే కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకోవచ్చు. ఇది కూడా చెప్పేవాళ్లు లేకే ఒకే ఇంట్లో ఇద్దరేసి పిల్లలు రక్తం కోసం వస్తున్నారు.

ఇప్పుడు మీ పేపర్ నుంచి నేను అడిగేది. మజ్జ మార్పిడికి సాయం కోరుతూ వార్త వేసినప్పుడల్లా దాని పక్కన చిన్న బాక్సు కట్టండి. జబ్బు ఏ వయసులో బయటపడింది, హెచ్‌ఎల్‌ఏ టెస్టు ఎప్పుడు చేశారు, ఏ పథకానికి అప్లై చేశారు, వస్తే ఎంత వచ్చింది, రాకపోతే ఎందుకు రాలేదు. విలేకరి తల్లిదండ్రుల్ని ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. చదివే ఇంకో ఇంట్లో రెండేళ్ల తలసీమియా పాప ఉంటే వాళ్లకు దారి తెలుస్తుంది. మే 8 తలసీమియా దినోత్సవం నాడు మంత్రుల ఫొటోలకు బదులు ఏ ఆస్పత్రిలో పిల్లలకు మార్పిడి చేస్తున్నారు, ఏ పథకం ఎక్కడ వర్తిస్తుంది, దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలి అని ఒక పేజీ వేయండి. ఖమ్మం ఎడిషన్‌లో వేస్తే ఆ పేజీ జిరాక్సులు తీసి రక్తం ఎక్కించే వార్డుల్లో పంచే పని నేనూ, నాలాంటి మరికొందరు తల్లులూ చూసుకుంటాం.

ఇట్లు
ఒక తలసీమియా పాప తల్లి
ఖమ్మం జిల్లా